వ్యాను తప్పుచోట పెట్టాం

"ఏరు కిందికే ఎల్తాది కదమ్మా. మీరేటి మళ్ళీ పైకి?"

గోస్తనీ ఏటి మధ్యలో ఏనుగంత బండ మీద కూర్చుని పులిహోర తింటుంటే, దారి చూపించడానికి మాతో వచ్చిన కుర్రాడు ఈ మాట అడిగాడు. అప్పటికి పదకొండున్నర. పొద్దున్న ఆరుంబావు నుంచి దిగుతూనే ఉన్నాం. ఇంకో గంటన్నర ఇలాగే దిగితే ఒక ఊరొస్తుందట, అక్కడ జీపులు దొరుకుతాయట. కానీ మా వ్యాను పైనుంది. వ్యానులో అమ్మ ఉంది. కాబట్టి వచ్చిన దారినే తిరిగి ఎక్కాలి. అదే చెప్తే, "ఓ, వేను పైన ఉండిపోనాది" అని ఊరుకుని చేతులు కడుక్కోడానికి వెళ్ళాడు.

అతను ఊరుకున్నాడు గానీ నేను ఊరుకోలేకపోతున్నాను. రెండు నెలలుగా ఇంట్లో, స్టాఫ్ రూములో, ఫోన్లో ఇదే వాదిస్తున్నాను. నది లోయలో నడవడానికి వ్యానేసుకుని వెళ్తే, నడక మొదలయ్యే చోట కాదు, ముగిసే చోట వ్యాను ఉండాలి. మొదలుకి మనం ఇంకెవరి బండిలోనైనా చేరాలి. వినడానికి ఇదో పార్కింగ్ గొడవలా ఉంటుంది. మా ఆయనైతే "ఇంతోటిదానికి వ్యాసం కూడానా" అన్నారు.

ఇల్లు వెంటేసుకుని

వ్యాను మా తమ్ముడిది. పాత టెంపో ట్రావెలర్ కొని, గాజువాక ఆటోనగర్‌లో మూడు నెలలు పెట్టి సీట్లన్నీ పీకించాడు. ప్లైవుడ్ మంచం, దాని కింద అరలు, రెండు పొయ్యిల స్టవ్, నీళ్ళ ట్యాంకు, వెనక మూల తలుపేసుకునే చిన్న టాయిలెట్. మనవాళ్ళకి కారవాన్ అంటే షూటింగుల్లో హీరో విశ్రాంతి తీసుకునే బండి. మొదటిసారి భీమిలి రోడ్డులో కొబ్బరిబొండాల దగ్గర ఆపితే ఇద్దరు కుర్రాళ్ళు పరిగెత్తుకొచ్చి "లోపల ఎవరండీ?" అని అడిగారు. సరిగ్గా అప్పుడే అమ్మ కర్టెన్ తీసి "వక్కపొడి డబ్బా ఎక్కడ పెట్టేర్రా" అంది. పాపం, వాళ్ళు ఫోన్లు జేబులో పెట్టేసుకున్నారు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. వ్యానుని తిట్టడానికి ఇది రాయట్లేదు. ఆ మూలనున్న టాయిలెట్ ఒక్కటి చాలు, నేను దాన్ని వెనకేసుకు రావడానికి. ఇన్నేళ్ళూ అరకు వెళ్ళిన ప్రతిసారీ నేనూ మరదలూ మధ్యాహ్నం దాకా నీళ్ళు తాగకుండా గడిపినవాళ్ళమే. ఘాట్ మీద ఎక్కడ ఆగాలి, ఆగినచోట తలుపుకి గడియ ఉంటుందా, లోపల నీళ్ళుంటాయా అని లెక్కలు. నడకకి వెళ్ళే ఆడవాళ్ళు సగం అలసిపోయేది ఈ లెక్కలతోనే. వ్యాను వచ్చాక పొద్దున్నే రెండు గ్లాసుల నీళ్ళు తాగి బయల్దేరడం అలవాటైంది. మగవాళ్ళకి ఇది సుఖం కింద కనిపిస్తుందేమో గానీ, మాకు అదుంటేనే ప్రయాణం.

నవంబరు చివర్లో ఒక శుక్రవారం మధ్యాహ్నం విశాఖ నుంచి బయల్దేరాం. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట. అక్కడ అరటిపళ్ళు కొన్నాం, తర్వాత ఘాట్ ఎక్కాం. చీకటి పడేసరికి బొర్రా దాటి ఒక గిరిజన కుటుంబం ఇంటిముందు ఖాళీలో ఆపాం. ఊరి పేరు రాయను. వచ్చే ఆదివారం వాళ్ళ వాకిట్లోకి పదిహేను కార్లు వచ్చిపడటం నాకిష్టం లేదు. రాత్రికి అయిదువందలు ఇస్తామంటే ఇంటావిడ "బండి నిలపెట్టుకోడానికి కూడా డబ్బులేటి" అని మూడువందలే తీసుకుంది. ఆ ఇంటబ్బాయే మర్నాడు మాతో వచ్చిన కుర్రాడు.

దిగడం

గోస్తనీ మా విశాఖవాళ్ళకి రెండు చివర్లే తెలుసు. పుట్టేది అనంతగిరి కొండల్లో, కలిసేది భీమిలి దగ్గర సముద్రంలో. మధ్యలో తాటిపూడి జలాశయం దగ్గర ఆగి, కొన్ని నీళ్ళు మా కొళాయిల్లోకి వస్తాయి. బొర్రా గుహల్లో టికెట్ కొని చూసేదంతా నీళ్ళు సున్నపురాయిని కరిగించి తొలిచిన ఖాళీయే. ఏరు ఇప్పటికీ ఆ గుహల అడుగున పారుతోంది. (ఆ గుహల్ని 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఉద్యోగి కనిపెట్టాడని అందరూ రాస్తారు. ఆ సంస్థ పుట్టిందే 1851లో. బడిలో సోషల్ చెప్పేదాన్ని కాబట్టి ఇలాంటివి కంట్లో నలుసులా పడతాయి. అయినా ఆవు కాలుజారి పడిపోతే వెతుక్కుంటూ దిగిన పశువుల కాపరి కథ చెప్పుకునే ఊళ్ళకి ఎవడో వచ్చి కనిపెట్టిపెట్టాలా?)

మేం దిగింది గుహల వైపు కాదు. మొదటి అరగంటా కాఫీతోట. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి మిరియాల తీగలు, కింద ఎర్రగా పండిన కాఫీ కాయలు. తర్వాత తోట అయిపోయి, బాట సన్నబడి, నీళ్ళ చప్పుడు దగ్గరైంది. ఇంకో పావుగంటకి బాటే లేదు, ఏరే బాట.

ఆ తర్వాత నడక అనకూడదేమో. బండ మీంచి బండ మీదకి కూర్చుని జారడం, మోకాళ్ళదాకా నీళ్ళలో దిగడం, వేరు పట్టుకుని పక్కకి పాకడం. మా కాళ్ళకి వేలు పోసి కొన్న బూట్లు. ఆ కుర్రాడి కాళ్ళకి హవాయి చెప్పులు, తడి బండ వస్తే అవి కూడా తీసి చేతికి తగిలించుకునేవాడు. మాకు చెప్పిన సూత్రం ఒకటే. "నల్లగా మెరిసిందాని మీద కాలెయ్యకండి. తెల్లగా, గరుగ్గా ఉన్నదాని మీద ఎయ్యండి." నల్లగా మెరిసేది పాకుడు. ఆ సంగతి మరదలు ఎనిమిదింటికి, తమ్ముడు ఎనిమిదీ ఇరవైకి తెలుసుకున్నారు.

ఒకచోట రాయిని దగ్గరగా చూశాను. తుప్పు పట్టినట్టు గోధుమరంగు, మధ్యలో దానిమ్మగింజల్లాంటి ఎర్రటి చుక్కలు. అవి గార్నెట్లు. రాయి పేరు ఖోండలైట్. ఈ కొండల్లో ఉండే ఖోండుల పేరే దానికి పెట్టారు. మా డాల్ఫిన్ నోస్ కొండా ఈ రాయే. నలభయ్యేళ్ళుగా బీచి రోడ్డు నుంచి ఆ కొండని చూస్తున్నాను, ఒక్కసారీ చేత్తో తడిమింది లేదు. ఇక్కడ పడకుండా ఉండటానికి రెండు చేతులతో కావలించుకున్నాను.

దిగినంతసేపూ బాగుంది. ఇది ఒప్పుకోవాలి. తొమ్మిదిన్నరకి ఒక మడుగు వచ్చింది, అడుగున రాళ్ళు లెక్కపెట్టుకునేంత తేటగా. అరగంట అందులో కూర్చున్నాం. ఇబ్బందంతా ఆ బాగుండటంలోనే ఉందని తర్వాత తెలిసింది.

ఎక్కడం

కొండెక్కితే ఓపికున్నప్పుడు ఎక్కుతాం, ఓపిక అయిపోయాక దిగుతాం. ఎక్కడ చాలనిపిస్తే అక్కడ వెనక్కి తిరగొచ్చు. వెనక్కంటే దిగడమే కాబట్టి. సింహాచలం మెట్లు ఎక్కినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. లోయలో ఇదంతా తలకిందులు. పొద్దున్న చల్లటి వేళ, కాళ్ళలో బలం ఉన్నప్పుడు దిగుతాం. మధ్యాహ్నం ఎండలో, మోకాళ్ళు వణికేటప్పుడు ఎక్కుతాం. దిగే ప్రతి అడుగూ అప్పే. అప్పు తీసుకునేటప్పుడు ఎవరికి బాగోదు?

పన్నెండింటికి వెనక్కి తిరిగాం. పొద్దున్న కూర్చుని జారిన బండలన్నీ ఇప్పుడు గోడలు. అయిదు గంటల్లో దిగిన దారి ఎక్కడానికి ఆరు గంటలకి కొంచెం తక్కువ పట్టింది, అందులో మడుగు దగ్గర ఆగింది లేదు. లోయలో గాలి ఆడదు. ఒంటిగంటకి రాళ్ళు కాలిపోయాయి, చెయ్యి ఆనించలేం. ఒంటిగంటన్నరకి తెచ్చుకున్న నీళ్ళు అయిపోయాయి. పక్కన ఏరు పారుతోంది గానీ, పైన ఊళ్ళున్నాయి, పశువులున్నాయి, తాగడానికి మనసొప్పదు.

అప్పుడా కుర్రాడు వంపులో కాస్త ఇసుక మేట వేసిన చోట మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఏటికి రెండడుగుల దూరంలో దోసిళ్ళతో ఇసుక తవ్వాడు. మూరెడు లోతు. బురదనీళ్ళు ఊరాయి, తోడి పారబోశాడు. మళ్ళీ ఊరాయి, మళ్ళీ పారబోశాడు. నాలుగోసారి చేతులు కట్టుకుని ఊరికే కూర్చున్నాడు. మేమూ కూర్చున్నాం. నీళ్ళు మెల్లగా తేరుకున్నాయి, అడుగున ఇసుక రేణువులు కనిపించాయి. అడ్డాకు దొప్ప చేసి ముందు నాకిచ్చాడు. చెలమ అనే మాట పిల్లలకి పాఠంలో చెప్పాను, మా అమ్మమ్మ నోట విన్నాను. చెలమ నీళ్ళు తాగడం మాత్రం అదే మొదలు. ఇంట్లో ఫిల్టరు మార్చడం ఒక్కరోజు ఆలస్యమైతే గొడవపెట్టే మా మరదలు మూడు దొప్పలు తాగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కాలేదు కాబట్టి మీరూ తాగండి అనట్లేదు.

మూడు దాటాక తమ్ముడికి పిక్క పట్టేసింది. పైన కొండ మొల మీద గూడ్సు బండి వెళ్తున్న చప్పుడు వినపడింది, చాలాసేపు, ఇనుప ఖనిజం బళ్ళు పొడుగ్గా ఉంటాయి కదా. "పట్టాల దాకా ఎక్కితే అక్కడ్నుంచి సాపుగా స్టేషనుకి నడిచిపోవచ్చు" అన్నాడు తమ్ముడు. నాకూ ఆశ పుట్టింది, అబద్ధం చెప్పను. కుర్రాడు ఒప్పుకోలేదు. సొరంగంలో ఉండగా బండొస్తే పక్కకి ఒరగడానికి చోటుండదన్నాడు. పట్టాల మీద నడవడం నేరమన్న సంగతి అతను ఎత్తలేదు, అది నాకు తెలుసు. సొరంగం సంగతి అతనికి తెలుసు. తమ్ముడి పిక్క మీద నీళ్ళు కొట్టి, ఓఆర్ఎస్ పొట్లం నోట్లో పోసి, మేం మా ఏటిదారినే పడ్డాం.

ఆరు కావస్తుండగా, దాదాపు చీకట్లో వాకిట్లోకి చేరాం. అమ్మ వ్యాను మెట్టు మీద కూర్చుని ఇంటావిడతో కలిసి రాజ్మా గింజలు ఏరుతోంది. "బేగి రండి అంటే ఇదా?" అని మమ్మల్ని తిట్టి, తన రోజు గురించి చెప్పడం మొదలెట్టింది. ఊళ్ళో పిల్లలందరికీ లోపలి మంచం మీద పడుకోవాలని ఉందట. వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరికి వంద అంకెలు లెక్కపెట్టేంతసేపు పడుకోనిచ్చిందట. ఫ్యాను మాత్రం వెయ్యలేదు, బ్యాటరీ అయిపోతుందని. ఆ రోజు మా నలుగురిలో ఎక్కువ చూసింది, ఎక్కువ మాట్లాడింది ఆవిడే అనుకుంటాను.

వెర్డన్ నుంచి ఫోను

ఫోటోలు చూసి మా ఆడపడుచు కూతురు ఫోన్ చేసింది. ఫ్రాన్సులో చదువుతోంది. వేసవిలో స్నేహితులతో అద్దె వ్యానులో తిరిగి, వెర్డన్ నది లోయలో నడిచొచ్చింది. మొత్తం విని, "అత్తా, మీరు వ్యాను తప్పుచోట పెట్టారు" అంది.

అక్కడ పేరున్న నడకదారి ఒకటుంది, బ్లాన్-మార్టెల్ దారి అంటారు. 1905లో ఆ లోయని మొదటిసారి పొడుగునా దాటిన బృందంలోని ఇద్దరి పేర్లు అవి. మార్టెల్ గుహల శాస్త్రవేత్త, బ్లాన్ పక్క ఊరి బడిపంతులు. (పంతులు పేరు ముందుండటం నాకు నచ్చింది.) లా మాలీన్ అనే చోట మొదలై పాయింట్ సబ్లీమ్ అనే చోట తేలుతుంది. పదిహేను కిలోమీటర్లు అటూఇటూ, ఆరేడు గంటలు. మధ్యలో ఒక కొండ సందులో 252 ఇనుప మెట్లు, ఆఖర్లో టార్చిలైటు లేకుండా దాటలేని సొరంగాలు. వ్యానుల వాళ్ళు ఏం చేస్తారంటే, పొద్దున్నే పాయింట్ సబ్లీమ్ దగ్గర, అంటే చివర్లో, వ్యాను పెట్టేస్తారు. సీజనులో తిరిగే చిన్న బస్సెక్కి మొదటికి వెళ్తారు. అక్కడ్నుంచి తమ వ్యాను వైపుకి నడుచుకుంటూ వస్తారు. ఎంత నడిస్తే ఇల్లు అంత దగ్గర. గ్రీసులో క్రీట్ దీవిలో సమరియా లోయ ఇంకా నయం. 1200 మీటర్ల ఎత్తున మొదలెట్టి పదహారు కిలోమీటర్లు దిగితే సముద్రమే. దిగినవాళ్ళని పడవ ఎక్కించుకుపోతుంది, పడవ దిగితే బస్సు. వెనక్కి ఎక్కమని ఎవరూ అనరు.

ఇదంతా విన్నాక మా కుర్రాడి ప్రశ్న మళ్ళీ గుర్తొచ్చింది. వెర్డన్‌లో బస్సు చేసే పని ఇక్కడ సంత జీపు చెయ్యగలదు. అతనికి అది తెలుసు. వ్యాను ఎక్కడ ఆపాలని ముందురోజు సాయంత్రం అతన్ని అడిగి ఉంటే సరిపోయేది. మేం అడిగింది "ఎంతసేపు పడుతుంది?" అని.

కాదనేవాళ్ళు

ఈ వాదన అందరూ ఒప్పుకోలేదు. కొందరు చెప్పింది నాకూ కాదనబుద్ధి కాలేదు.

మా స్కూల్లో ట్రెక్కింగ్ చేసే లెక్కల మాస్టారు అన్నది అన్నిటికంటే గట్టిది. "మేడం, అక్కడ మెట్లూ కమ్మీలూ ఉన్నాయి. ఇక్కడ గుర్తు కూడా లేని లోయ. ముందు ఏముందో తెలియని దారిలో దిగిపోవడం కంటే, చూసిన దారిలో వెనక్కి రావడమే క్షేమం" అన్నారు. పైన ఎక్కడో వాన పడితే కింద ఎండలో ఉన్నవాళ్ళ మీదకి ఏరు వస్తుంది. అప్పుడు నీళ్ళతోపాటే దిగుతున్నవాడు ఎటు పోతాడు? నిజమే. వెర్డన్‌లో కూడా పైనున్న డ్యాముల నుంచి నీళ్ళు వదులుతారు, నదీగర్భంలో ఉండొద్దని బోర్డులుంటాయి. నా జవాబు సగమే. వర్షాకాలంలో ఎటూ దిగకూడదు. మిగతా రోజుల్లో, చూసిన దారే గానీ పొద్దున్న ఏడింటికి చూసిన దారి. వణికే కాళ్ళతో నాలుగింటికి అది వేరే దారి. తమ్ముడి పిక్క పట్టేసింది చూసిన దారిలోనే. ఆయన ఒప్పుకోలేదు. ఆయన ఒప్పుకోకపోవడంలో తప్పేం లేదని రాత్రి పడుకునే ముందు నాకూ అనిపిస్తుంటుంది.

మా ఆయనది మన దేశపు జవాబు. "డ్రైవర్ని పెట్టుకోండి. మీరు దిగేలోపు వ్యాను కిందికి తెచ్చేస్తాడు." మొదట కిక్కురుమనలేకపోయాను. తర్వాత ఆలోచిస్తే, మా వ్యానులో పడుకోడానికి నాలుగు చోట్లు. డ్రైవరు ఎక్కడ పడుకుంటాడు? ముందు సీట్లో, స్టీరింగు మీద కాళ్ళు పెట్టి. నవంబరు చలిలో. టాయిలెట్ తలుపు మా మంచాల వైపు. రాత్రి అతను ఎటు వెళ్తాడు? ఆడవాళ్ళ నీళ్ళ లెక్కల గురించి పైన అంత రాసి, ఇప్పుడు ఆ లెక్క ఇంకొకరి నెత్తిన పెట్టనా? కార్లలో తిరిగినన్నాళ్ళూ డ్రైవరు ఎక్కడ పడుకున్నాడని నేనెప్పుడూ అడగలేదన్నది కూడా అప్పుడే తట్టింది. అదీకాక కింద ఊరికి టెంపో ట్రావెలర్ వెళ్ళే రోడ్డు లేదు. జీపులే.

కారవాన్ టూరిజం పెంచుతామనేవాళ్ళ మాటల్లో ఎప్పుడూ పార్కింగు, కరెంటు ప్లగ్గులు, నీళ్ళ కనెక్షన్లు వినపడతాయి. ఏజెన్సీలో ఆ పార్కులు ఎవరు పెడతారు? 1/70 చట్టం వచ్చిన దగ్గర్నుంచి అక్కడి భూమి గిరిజనేతరుల చేతిలోకి పోకూడదు. అక్కడ గిరిజనేతరులకి గనుల లీజులివ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు ఈ అనంతగిరి మండలంలో గనుల లీజుల గొడవ నుంచి పుట్టిందే. అందుకని నా ఓటు మూడువందలు తీసుకున్న ఆ వాకిలికే. ప్లగ్గు లేకపోతే ఫ్యాను లేకుండా పడుకుంటాం. కావలసింది ఇంకొకటి, ఎవరూ దాన్ని టూరిజం అనరు. లోయకి ఆ చివరనున్న ఊరికి రోజుకి రెండుసార్లు నమ్మకంగా తిరిగే బండి. పల్లెవెలుగు బస్సయినా సరే, జీపయినా సరే. వ్యానులో తిరిగేవాళ్ళకే బస్సు ఎక్కువ అవసరమంటే నవ్వుతున్నారు గానీ, బస్సు లేని చోట వ్యాను గుంజకి కట్టిన పలుపు. ఎంత దూరం వెళ్ళినా గుంజ దగ్గరికే రావాలి. ఆ ఊరివాళ్ళకి ఆసుపత్రికి వెళ్ళడానికి ఆ బండి ఎంత కావాలో నేను చెప్పక్కర్లేదు. ఏడాదికోసారి వెళ్ళే నా మోకాళ్ళ కోసం బస్సు అడగడం సిగ్గుగానే ఉంది.

ఇంకోసారి

వాదించడం కంటే చేసి చూడటం మేలని జనవరి చివర ఒక ఆదివారం మళ్ళీ వెళ్ళాం. మాకు బస్సు లేదు గానీ రైలుంది. బైలడిల్లా ఇనుప ఖనిజం జపానుకి పంపడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను. ఏడు కాకముందే విశాఖలో బయల్దేరే పాసింజరు పది ప్రాంతంలో బొర్రా చేరుస్తుంది. లెక్క ఇది: వ్యాను ఘాట్ కింద ఎస్.కోటలో వదిలెయ్యాలి, అక్కడ రైలెక్కి పైకి, ఏటివెంట కిందికి, కింద ఊరి నుంచి జీపులో ఎస్.కోట. వ్యాను ఆఖర్లో. నడక మరీ పొడుగవకుండా కుర్రాడు దగ్గరదారి చూపిస్తానన్నాడు.

స్టేషను దగ్గర టీకొట్టు పక్కన చింతచెట్టు కింద వ్యాను పెట్టాం. ఈసారి అమ్మ వ్యానులో ఉండనంది. "నన్ను కాపలా పెట్టి మీరు తిరగడం బాగానే ఉంది" అని మాతోపాటే ప్లాట్‌ఫారమ్ మీదకొచ్చి కూర్చుంది.

రైలు గంటా ఇరవై నిమిషాలు లేటు.

కిటికీ పక్కన కూర్చుని అమ్మ సొరంగాలు లెక్కపెట్టింది. పదిహేడు దగ్గర పల్లీలమ్మే అతను వచ్చి లెక్క తప్పించాడు, అతనితో దెబ్బలాడింది. బొర్రాలో దిగేసరికి పదకొండున్నర దాటింది. కుర్రాడు స్టేషనుకే వచ్చాడు. పొద్దుకేసి చూసి, మా కాళ్ళకేసి చూసి, "ఇప్పుడు దిగితే కింద సీకటి పడిపోతాది. ఒద్దమ్మా" అన్నాడు. పోయినసారి మేం అడగలేదు, ఈసారి అతనే చెప్పాడు. వ్యాను పైన ఉంటే ఆరింటికే దిగేవాళ్ళం, అది నిజం. తమ్ముడు ఈ మాట పైకి అనలేదు గానీ మొహం అంతా అదే రాసి ఉంది. అందరిలాగే బొంగు చికెన్ తిన్నాం. అమ్మని తీసుకుని కాఫీతోట దాకా వెళ్ళాం. అక్కడ ఇంటావిడ అమ్మ కోసం శేరు రాజ్మా కట్టి ఉంచింది. సాయంత్రం రైలుకి తిరిగొచ్చేశాం.

ఎస్.కోటలో చింతచెట్టు కింద వ్యాను దగ్గర టీకొట్టతను అడిగాడు. "పొద్దున్నించి మీ షూటింగువాళ్ళు ఎవరూ రాలేదేటండి?"

అంటే రైలు మొదటికి సమయానికి చేర్చట్లేదు, వ్యాను ఆఖరికి చేర్చట్లేదు. ఒక్క దారి మిగిలింది. ముందురోజు సాయంత్రమే రైల్లో పైకి వెళ్ళి, ఆ ఇంటి వసారాలో పడుకుని, పొద్దున్నే దిగడం. అప్పుడిక వ్యాను దేనికి అని మా ఆయన అడిగారు. కింద మాకోసం ఎదురుచూడ్డానికి అన్నాను. అందులో టాయిలెట్ ఉంటుంది, చీర మార్చుకోవచ్చు, అమ్మ చేసిన టీ ఉంటుంది.

కుర్రాడికి ఫోన్ చేసి, కింద ఊరి నుంచి జీపు రోజూ ఉంటుందా అని అడిగాను. ఈసారైనా అడగాల్సింది అడిగాను. రోజూ ఉండదట. సంత రోజునే. సంత గురువారం. ఫిబ్రవరి దాటితే ఎండలు, ఆ తర్వాత పదో తరగతి పరీక్షలు. రెండో గురువారానికి సీఎల్ పెట్టాను. కారణం దగ్గర సొంత పని అని రాశాను.